మా జట్టు, మన జట్టు: నగరపు తూర్పు కళాశాలల క్రీడాభిమానమును అంతర్జాలమును

తెలుగున ఉత్తమపురుష బహువచనము రెండు విధములు. ‘మేము’ అన్నచో వినువాడు అందు చేరడు. ‘మనము’ అన్నచో చేరును. ద్రావిడభాషలలోని యీ భేదమును గూర్చి కాల్డ్వెల్ 1856లో వెలువరించిన తులనాత్మక వ్యాకరణమున చర్చించి యున్నాడు. తమిళమున ఇది నేటికిని నిలిచియున్నది. ఆధునిక కన్నడమున తొలగిపోయినది. ఆంగ్లమున లేనేలేదు. వ్యాకరణ పాఠమున రెండు వాక్యములతో ముగిసిపోవు విషయముగా దీనిని మనము చూచుచుందుము. కాని కళాశాలా క్రీడాజట్లు అంతర్జాలమున తమ అభిమానులతో నెరపు వ్యవహారమును పరిశీలించుచు పోగా, ఒక జట్టునకు అభిమానులు ఏర్పడుటయు ఏర్పడకపోవుటయు చాలవఱకు ఈ రెండు సర్వనామముల నడుమనే తేలిపోవుచున్నదని మాకు తోచినది. (ఈ వ్యాసమున ‘మేము’ అన్నది వ్రాయువారము మాత్రమే, ‘మనము’ అన్నచోట చదువువారును చేరినట్లే గ్రహింపవలెను.) వెబ్‌సైటులు, ఇన్‌స్టాగ్రామ్ పుటలు, వాట్సాప్ గ్రూపులు తెలుగు శాఖ వారికేల యను ప్రశ్నకు ఇదియే మా సమాధానము. ఇచ్చట జరుగుచున్నది మొదట భాషావ్యవహారము, తరువాతనే క్రీడావ్యవహారము.

మేము గ్రహించిన క్షేత్రము హైదరాబాదునకు తూర్పున, మలక్‌పేట దాటినది మొదలు ఎల్.బి. నగరు కూడలి వఱకు విజయవాడ రహదారి వెంట నున్న ప్రాంతము. 2007 ఏప్రిల్ నెలలో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు ఎల్.బి. నగరు పురపాలకసంఘము అందు విలీనమైనది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వఱకు నడువసాగెను. దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగరు అను నాలుగు స్టేషనులు ఈ క్షేత్రముననే కలవు. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగరు ప్రాంతములనుండియు, కృష్ణా గుంటూరు సీమలనుండియు చదువులకై వచ్చిన బాలబాలికలు ఇచ్చటి హాస్టళ్లలో నిండియుందురు. జూనియరు కళాశాల, డిగ్రీ కళాశాల, ఉద్యోగపరీక్షల కోచింగు కేంద్రము ఒకే మేడలో ఒకదానిపై నొకటి యుండుట ఇచ్చట వింత కాదు. క్రింద బట్టల దుకాణమో టిఫిను సెంటరో ఉండును. పై అంతస్తున భౌతికశాస్త్రపు తరగతి జరుగుచుండును. అట్టి చోట ఆటస్థలమను మాట ప్రవేశప్రకటనలో తప్ప కానరాదు. ఎల్.బి. నగరు దాటి నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నము వైపునకు పోయినచో విశాలమైన ఆవరణములుగల ఇంజనీరింగు కళాశాలలు కన్పట్టును గాని, మేడలపై నడచు కళాశాలల స్థితియే మాకు ఎక్కువ విచారణీయముగా తోచినది.

ఆటస్థలము లేకున్నను ఆటలు లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అనుబంధములైన కళాశాలలకు ఏటేట అంతఃకళాశాలా పోటీలు జరుగును. అందు రాణించినవారు విశ్వవిద్యాలయపు జట్టునకు ఎన్నికై దక్షిణమండల అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లుదురు. ఈ పోటీల వెనుకనున్న భారతీయ విశ్వవిద్యాలయముల సంఘము 1925లో అంతర్విశ్వవిద్యాలయ మండలిగా పుట్టి, 1973లో ఇప్పటి పేరు ధరించినది. 2020లో భువనేశ్వరమున మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు దానిపై మఱియొక మెట్టు. మేడమీది కళాశాల కబడ్డీ జట్టు తెల్లవారుజామున దొరికిన మైదానమున సాధన చేసి, పోటీనాడు విశ్వవిద్యాలయపు ఆవరణమునకు పోవును. పోటీ తఱచుగా పనిదినముననే జరుగును. తోటివిద్యార్థులు ఆ వేళకు తరగతిలో నుందురు. ఇంటర్మీడియటు బాలురైనచో వారపు పరీక్ష వ్రాయుచుందురు. జట్టు వెంట పోవువారు పి.డి. గారును, అదనపు ఆటగాండ్రును, తరగతి ఎగవేయు ధైర్యముగల నలుగురైదుగురు మిత్రులును మాత్రమే. కనుక ఇచ్చటి క్రీడాభిమాని చాలవఱకు ఆటను కన్నులార చూచినవాడు కాడు. దానిని గూర్చి విన్నవాడు, తరువాత ఫోనులో చూచినవాడు.

అమెరికాలోని స్థితి దీనికి సరిగా విపర్యయము. అచ్చట కళాశాలా క్రీడలకు నియమములు చేయు జాతీయసంఘము 1906నాటిది. మిషిగన్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ క్రీడాంగణమున లక్షకు పైగా ఆసనములు కలవు. అచ్చటి జట్టు వెబ్‌సైటు టిక్కెట్లు అమ్మును, జట్టు రంగుల చొక్కాలను టోపీలను అమ్మును, పూర్వవిద్యార్థులనుండి విరాళములు రాబట్టును. 2021 జులై నుండి ఆటగాడు తన పేరును, రూపమును వ్యాపారప్రకటనలకిచ్చి ధనమార్జించుటకు సయితము అనుమతి లభించినది; అప్పటినుండి ఒక్కొక్క ఆటగాని ఖాతా ఒక్కొక్క చిన్న దుకాణమైనది. క్రీడాజట్లు సామాజిక మాధ్యమములను ఎట్లు వాడుకొనవలెనని బోధించు ఆంగ్లగ్రంథములు ఈ స్థితిని మనస్సున నుంచుకొని వ్రాసినవి. వాని సూత్రములను దిల్‌సుఖ్‌నగరునకు తెచ్చి అతికించుట వ్యర్థము. అచ్చట ఫోను నిండిన గ్యాలరీకి తోడుగా వచ్చినది. ఇచ్చట గ్యాలరీయే లేనిచోట దానికి బదులుగా వచ్చినది. అమ్మవలసిన టిక్కెట్టు లేదు. కావలసినది ఒక్కటే: జట్టు ఒకటి కలదని, అది తమదని, మేడపై కూర్చున్న విద్యార్థికి తెలియుట.

ఈ నగరమున క్రీడాభిమానము క్రొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. ఆయన ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో స్వర్ణపతకములు గెలిచినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందినది. ఆ కాలమున సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ అను పేర పూర్వవిద్యార్థుల జట్టొకటి ఉండెననునది మన ప్రస్తావమునకు ముఖ్యము. కళాశాల విడిచినవారు సయితము దాని పేరు మోయుచు ఆడిరన్నమాట. అప్పటి వార్తావాహనములు దినపత్రిక, రేడియో, కళాశాల నోటీసు బోర్డు, ఏడాదికొకసారి వెలువడు కళాశాల సంచిక. ఆ సంచికలలోని క్రీడా నివేదిక చదువుటకు నీరసమైనదే. అయినను జట్టులోని ప్రతివాని పేరును అందుండును. ఈ మాటను మనము ముందు మరల తలపవలసి వచ్చును.

ఇక నేటి కళాశాల వెబ్‌సైటును చూతము. అందు ‘క్రీడలు’ అను మీట లేని కళాశాల అరుదు. దానిని నొక్కినచో నాలుగైదు చిత్రములు, ఒక పట్టిక, వ్యాయామవిద్యా విభాగముయొక్క ఆశయములను చెప్పు ఆంగ్లవాక్యములు కొన్ని కనబడును. ఆ విభాగము ఎవరిని ఉద్దేశించి వ్రాయబడినది? అభిమానిని కాదు. జాతీయ మదింపు, గుర్తింపు మండలి యనబడు న్యాక్ 1994లో ఏర్పడినది. 2017లో సవరించిన దాని ప్రమాణములలో అయిదవది విద్యార్థులకు అండయు వారి ప్రగతియు. క్రీడలలో విద్యార్థులు గెలిచిన పతకములెన్ని, కళాశాల నడపిన పోటీలెన్ని అని అందు లెక్కలడుగుదురు. ఆటస్థలము మొదలగు వసతులను గూర్చి నాలుగవ ప్రమాణమున ప్రశ్న కలదు. లెక్కకు సాక్ష్యము కావలెను. ప్రశంసాపత్రముల నకళ్లు, స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములు ముద్రితములైన ఛాయాచిత్రములు వెబ్‌సైటున ఉంచవలెను. అందుచేతనే అచ్చటి చిత్రములలో ఆట కానరాదు. కప్పు పట్టుకొని ప్రిన్సిపాలుగారి ఇరుప్రక్కల నిలిచిన జట్టు కానవచ్చును. చిత్రపు మూలను అంకెల వరుస యుండును. ఇది తప్పని మేము అనము. నివేదిక నివేదికయే. కాని నివేదికను చదివి ఎవడును ఈల వేయడు.

అట్టి పుటలలో తెలుగు వాక్యము లభించినప్పుడు అది ‘మా కళాశాల విద్యార్థులు’ అనియే మొదలగును. ఈ ‘మా’ తలిదండ్రులతోను, తనిఖీ సంఘముతోను, ముందటి యేటి ప్రవేశార్థితోను మాటాడుచున్నది. వారందఱును వెలుపలివారు. వ్యాకరణదృష్ట్యా ప్రయోగము నిర్దుష్టము. కాని ఆ కళాశాల విద్యార్థియే దానిని చదివినచో అతడును వెలుపలివాడగును! తన తరగతిలో తన ప్రక్క కూర్చున్నవాడు గెలిచిన పతకమును గూర్చి ‘మా విద్యార్థి’ అని ఎవరో తనకు చెప్పుచున్నారు. ఆంగ్లమున వ్రాసినచో ఈ వెలివేత తెలియదు, ఏలయన ఆ భాషలోని ఒక్క మాటయే రెండర్థములను మోయును.

విద్యార్థులు తమంతట నడుపుకొను పుటలలో ఇట్లుండదు. మ్యాచి ముందునాడు పోస్టరు పెట్టినను, గెలిచిన సాయంత్రము ముప్పది సెకనుల వీడియో పెట్టినను, పలుకరింపు ‘మన కాలేజీ’, ‘మనోళ్లు’ అనియే. ఇచ్చట సామాజిక మనశ్శాస్త్రమున ప్రసిద్ధమైన పరిశోధన నొకదానిని పేర్కొనవలెను. 1976లో రాబర్ట్ చాల్డినీయు అతని సహచరులును అమెరికా విశ్వవిద్యాలయములలో పరిశీలించి, ఫుట్‌బాలున తమ జట్టు గెలిచిన పిమ్మట విద్యార్థులు కళాశాల గుర్తుగల దుస్తులను ఎక్కువగా ధరింతురనియు, గెలుపును చెప్పునప్పుడు ఉత్తమపురుష బహువచనమును వాడుటకు మొగ్గుదురనియు, ఓటమిని చెప్పునప్పుడు అది తగ్గుననియు చూపిరి. పరుల కీర్తియెండలో చలికాచుకొనుట యని దీనిని మనము అనుకొనవచ్చును. ఆంగ్లమున ఆ బహువచనము ఒక్కటే కావున వారి లెక్కలో రెండు గడులే ఉండెను. తెలుగున అట్లు కాదు. మాకు తోచినంతలో ఇచ్చట మెట్లు కనీసము నాలుగు. తోటివారితో చెప్పునప్పుడు ‘మనం గెలిచినం’. పొరుగు కళాశాలవానితో పలుకునప్పుడు ‘మేం గెలిచినం’. గెలుపును కొంచెము దూరమునుండి చూచునప్పుడు ‘మనోళ్లు గెలిచిన్రు’. ఓటమినాడు ‘టీము ఓడిపోయింది’. ‘మనోళ్లు’ అనుమాట మిక్కిలి ఉపయోగకరమైనది. ఆడినది నేను కాదనుచునే, ఆడినవాడు నావాడని చెప్పగలదు. ఓడిననాడు సయితము ‘మనోళ్లు’ అనగలిగినవాడే నిజమైన అభిమాని యని మా మతము. ఇది ఊహమాత్రమే గాని లెక్కగట్టి తేల్చినది కాదు. ఒక ఋతువులో ఒక గ్రూపున గెలుపునాటి వాక్యములను, ఓటమినాటి వాక్యములను వేఱువేఱుగా కూర్చి సర్వనామములను లెక్కించుట ఎం.ఫిల్. స్థాయికి మించని పని. ఫలితము మాత్రము ఏ ఆంగ్లపరిశోధనకును లభింపనిది.

విద్యార్థుల వాక్యములలో మాండలికములు కలిసిపోవు తీరు కూడ గమనింపదగినది. ఒకే మ్యాచిని గూర్చి ఒకడు ‘గెలిచినం’ అనును, మఱియొకడు ‘గెలిచాం’ అనును. ఎవడును ఎవనిని దిద్దడు. ఆటగాని పేరునకు ‘అన్న’ చేరును. వయస్సుతో పనిలేదు, రెండవ సంవత్సరపు విద్యార్థి మొదటి సంవత్సరపు రెయిడరును సయితము ఆ నాటికి ‘అన్న’ అనును. ‘మామ’, ‘భయ్యా’, ‘బ్రో’ అనునవి అభిమానులు తమలో తాము వాడుకొనునవి. ఆటగానికి, కనీసము గెలిచిననాడు, ‘అన్న’ యే.

ఇక లిపి. తెలుగు వాక్యములే యైనను ఇందు పెక్కు రోమను అక్షరములలో ఉండును. యూనికోడున తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. నేటి ఫోనులన్నిటను తెలుగు కీలు కలవు. అయినను వ్రాలు రోమనులోనే నడచును. ఆ లిపిలో ట, త అను రెండింటికిని వారు వాడునది ఒకే అక్షరము. హ్రస్వదీర్ఘములకు భేదము చూపరు. కనుక పాట, పాత, పట అను మూడును ఒకే రూపమున కనబడును. కబడ్డీని గూర్చి వ్రాయునప్పుడు ‘కూత’ యో ‘కూట’ యో సందర్భమును బట్టి గ్రహింపవలెను. ‘పట్టు’, ‘పత్తు’ అనువానికిని అదే గతి. ‘ఆట’ యన్నను ‘అట’ యన్నను ఒక్కటే: మనవారి ఆట యని చెప్పుచున్నాడో, మనవారట యని విన్నమాట చెప్పుచున్నాడో తెలియుట కష్టము. వ్రాయువానికిని చదువువానికిని సంగతి ముందే తెలిసియుండుటచే ఇబ్బంది లేదు. పదేండ్ల తరువాత చదువబోవు పరిశోధకునికే ఇబ్బంది.

దీనిని యువజనుల భాషాద్రోహమని పండితులు నిందించుచుందురు. ఆ నింద తొందరపాటని మా అభిప్రాయము. అదే దిల్‌సుఖ్‌నగరు వీధిలో కప్పు గెలిచిన జట్టును అభినందించు ఫ్లెక్సీ తెలుగు లిపిలోనే కట్టుదురు. ఫోనులో రోమను, వీధిలో తెలుగు! కారణము చాలవఱకు యంత్రసంబంధమైనది. ఫ్లెక్సీ అచ్చువేయువారు తఱచు ‘అను’ ఫాంట్లను వాడుదురు. అవి యూనికోడునకు ముందటి పద్ధతివి. కాగితముపై ముచ్చటగా నుండును గాని, ఆ పాఠమును యథాతథముగా ఇన్‌స్టాగ్రామునకు తెచ్చి అతికించినచో అర్థము లేని గుర్తులుగా మారిపోవును. పోస్టరును విద్యార్థియే చేయబూనినచో మఱియొక చిక్కు. సంయుక్తాక్షరములను కూర్చుట తెలియని సాధనములో ‘క్రీడ’ అను మాట క్రావడి విడిపోయి ‘క్ రీడ’ యగును. ‘విద్యార్థి’ వత్తులన్నియు ఊడిపడి హాస్యాస్పదమగును. అర్ధరాత్రి పోస్టరు చేయుచున్న కుఱ్ఱవాడు దీనితో పోరాడుటకంటె రోమనులో వ్రాసి నిద్రపోవుట సులభమని తలచును. అతనికి కావలసినది హితబోధ కాదు. వత్తులు నిలుచు ఫాంటు ఏదో చూపి, ఫ్లెక్సీవానియొద్ద యూనికోడు పాఠమునే అచ్చువేయించుట నేర్పు పెద్దవాడొకడు.

పదజాలము మాట చెప్పవలెనన్నచో కబడ్డీయే ముఖ్యము. తెలుగునాట ఈ ఆటకు చెడుగుడు అను పేరు కలదు. ‘కూతకు పోవుట’, ‘పట్టు’, ‘గీత’, ‘బరి’ అనునవి గ్రామములందు పుట్టిన మాటలు. 2014లో ప్రొ కబడ్డీ లీగు మొదలయ్యెను. తెలుగు టైటన్స్ జట్టు మొదటి యేటినుండియు అందు కలదు. 2018లో స్టార్ స్పోర్ట్స్ వారు తెలుగు ఛానెలు నారంభించిరి. దానితో తెలుగు వ్యాఖ్యానము ఇంటింటికిని వచ్చినది. దానివెంట ‘రెయిడు’, ‘ట్యాకిల్’, ‘సూపర్ టెన్’, ‘డూ ఆర్ డై’ అనునవియు వచ్చినవి. నేటి విద్యార్థి పుటలో ఈ రెండు తరగతుల మాటలును ప్రక్కప్రక్కన కనబడును. పట్టణపు బాలుడు ‘ట్యాకిల్’ అనుచోట నల్లగొండ పల్లెనుండి వచ్చినవాడు ‘పట్టు’ అనును. ఒకటి యింకొకదానిని త్రోసివేయుచున్నదా, లేక పని పంచుకొనుచున్నదా యనునది తేలవలసిన విషయము. ఇప్పటికి మాకు కనబడుచున్నది పంపకమే. లెక్క చెప్పునప్పుడు ‘రెయిడు పాయింటు’. ఉత్సాహము చెప్పునప్పుడు ‘ఏం కూత పెట్టిండు!’

ఆటనుబట్టి మాధ్యమము మారును. కబడ్డీలో ఒక్కొక్క కూతకు 30 సెకనులే వ్యవధి. అది చూచుచు టైపు చేయుట అసాధ్యము. కావున 20 నిమిషముల తొలి భాగము ముగిసినపిమ్మట ఒకసారి, ఆట ముగిసినపిమ్మట ఒకసారి వాట్సాప్ గ్రూపునకు స్కోరు చేరును. తక్కిన ఆవేశమంతయు ధ్వనిసందేశమున కేకలుగా వచ్చును. వాలీబాలున సెట్టు ముగిసినప్పుడెల్ల ఒక వాక్యము. క్రికెట్టునకు మాత్రము క్రిక్‌హీరోస్ వంటి సాధనములు వచ్చి, గల్లీ మ్యాచిని సయితము బంతిబంతికి నమోదు చేయుచున్నవి. సరిహద్దు గీత వద్ద కూర్చున్న అదనపు ఆటగాడు మీట నొక్కుచుండగా, తరగతిలో వెనుక బల్లపై నున్నవాడు బల్లక్రింద ఫోనుంచి చూచుచుండును. ఉపాధ్యాయులమైన మనకు ఇది నచ్చదు. అయినను ఆ వెనుక బల్లయే ఆ కళాశాలకు గ్యాలరీ.

ఇన్‌స్టాగ్రామ్ పుటకు ఒక లోపము కలదు. పెక్కుమంది విద్యార్థులు అనుభవమున దానిని గ్రహించిరి. 2016 నుండి అందు పోస్టులు కాలక్రమమున గాక, చూచువానికి ఏది నచ్చునని యంత్రము తలచునో ఆ క్రమమున వచ్చుచున్నవి. రేపటి మ్యాచిని గూర్చిన ప్రకటన మ్యాచి ముగిసిన మూడవనాడు కనబడుట అందుచేతనే. కావున తేదీ, వేళ, స్థలము వాట్సాప్‌నకును ఇన్‌స్టాగ్రామ్ ‘స్టోరీ’కిని పోవును, కలకాలము చూడదగిన వీడియో ‘రీల్’ అగును. 2020 జూన్ చివర టిక్‌టాక్ నిషేధింపబడిన వెంటనే, జులైలో రీల్సు మన దేశమునకు వచ్చినవి. కళాశాలా క్రీడల చిన్నచిన్న వీడియోలు అప్పటినుండి విస్తరించినవి. యంత్రము మెచ్చునది గెలుపును, గొడవను. ఓర్పుతో ఆడి ఓడిన ఖోఖో జట్టును అది మెచ్చదు.

ఇంకొక విషయము చెప్పక తప్పదు. బాలికల జట్లు గెలుచుటలో వెనుకబడినవి కావు. పుటలలో కానవచ్చుటలో వెనుకబడియున్నవి. కారణము సిగ్గు కాదు, సంకోచమును కాదు. ఆడుచున్న బాలిక చిత్రము పెట్టినచో దాని క్రింద ఎట్టి వ్రాతలు వచ్చునో వారెఱుగుదురు. ఆ వ్రాతలను తుడిచివేయువాడు ఎవడును లేడని కూడ ఎఱుగుదురు. వెబ్‌సైటున కప్పుతో నిలిచిన చిత్రము సురక్షితము. అభిమానుల పుట కాదు. అందుచే బాలికల జట్టునకు లభించునది ‘మా’ మాత్రమే, ‘మన’ కాదు. పైగా ఇంటర్మీడియటు విద్యార్థులు పెక్కుమంది 18 ఏండ్లలోపు వారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నిర్వచించి, వారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల అంగీకారము కావలెనని చెప్పుచున్నది. కళాశాలయే పుటను నడపినచో ప్రవేశపత్రముతోబాటు ఈ అంగీకారపత్రమును తీసికొనుట కష్టము కాదు. పుటను బాలికలే నడుపుకొనుచు, వ్యాఖ్యలను ఆమోదించు అధికారము తమయొద్దనే యుంచుకొన్నచో స్థితి మారును. వ్యాఖ్యలను పరిమితము చేయు మీట ఇన్‌స్టాగ్రామున ఉన్నదే. ఉన్నదని చెప్పువారు కావలెను.

మాకు మిక్కిలి విచారము కలిగించునది వేఱొకటి. డిగ్రీ మూడేండ్లు, ఇంటర్మీడియటు రెండేండ్లు. పుటను నడపువాడు చదువు ముగించి పోవునప్పుడు సంకేతపదమును కూడ తీసికొనిపోవును. తరువాతివాడు క్రొత్త పుట తెరచును. ఒకే కళాశాల పేర మూడు నాలుగు పుటలు సగములో నిలిచిపోయి అంతర్జాలమున పడియుండుట సాధారణముగా చూచుచున్నాము. స్టోరీ 24 గంటలకు మాయమగును. వాట్సాప్ గ్రూపు ఫోను మారినప్పుడు పోవును. ఆర్కుట్ అను సేవ 2014 సెప్టెంబరు 30న మూతపడినప్పుడు అంతకుముందటి తరపువారి మాటలు ఎట్లు పోయినవో మనమెఱుగుదుము. వెబ్‌సైటు మాత్రము నిలుచును. అందు ఆటగాండ్ర పేర్లుండవు, సంఖ్యలుండును. నీరసమైనదని మనము నవ్వుకొను పాత సంచికలోని క్రీడా నివేదిక ఈ విషయమున నేటి రెండు మాధ్యమములకంటెను మేలు.

చేయవలసినది పెద్దది కాదు. పుట ఖాతాను విద్యార్థి సొంత ఫోను నంబరుపై గాక జట్టు పేరిట నుండు ఈ-మెయిలుపై తెరపించి, దాని సంకేతపదమును పి.డి. గారి రిజిస్టరున వ్రాయించవలెను. ఏటి చివర ఆ సంవత్సరపు పోస్టులను దింపుకొని కళాశాల గ్రంథాలయమున నుంచవలెను. ఇన్‌స్టాగ్రామ్ తన సమాచారమును దింపుకొనుటకు వాడుకరికి వీలు కల్పించియే యున్నది. వాట్సాప్ గ్రూపు సంభాషణను సయితము పాఠముగా ఎగుమతి చేయవచ్చును. సభ్యుల అంగీకారము పొంది, పేర్లు నంబరులు తొలగించినపిమ్మటనే అది పరిశోధకుని చేతికి రావలెను. ఆ పాఠములు లభించినచో రోమను లిపి తెలుగును తెలుగు లిపికి మార్చు పని మన శాఖల విద్యార్థులు చేయవచ్చును. అప్పుడు ‘కూత’ యెన్నిమారులు వచ్చినదో, ‘రెయిడు’ ఎన్నిమారులు వచ్చినదో, ఓటమినాడు ‘మనోళ్లు’ అన్నవారెందఱో తేలును. మొదట ఒక్క కబడ్డీ జట్టు, ఒక్క ఏటి సంభాషణ చాలును; అంతఃకళాశాలా పోటీలు మొదలగుటకు ముందే పి.డి. గారితో మాటాడి యుంచుట మంచిది, పోటీలు మొదలైనపిమ్మట ఆయన దొరకరు.